బండి నొసటి రాత

తెలుగు ఎం.ఏ. చదివిన ప్రతివాడూ శాసనాల పేపరు రాసే ఉంటాడు. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించిన శాసనం దగ్గర, అంటే క్రీ.శ. 575 ప్రాంతంలో, మన భాషాచరిత్ర మొదలుపెడతాం. సంస్కృత ప్రాకృతాలు రాజ్యమేలుతున్న కాలంలో ఒక చిన్న రాజు జనం మాట్లాడే భాషలో రాయి చెక్కించాడని పాఠం చెబుతాం. అంతవరకు బాగానే ఉంది. అయితే శాసనం అనే మాటకు మన భాషలో రెండర్థాలున్న సంగతి పరీక్ష అయిపోగానే మరచిపోతాం. రాతిమీద చెక్కిందీ శాసనమే, ప్రభుత్వం చేసిన చట్టమూ శాసనమే. ఈ రెండర్థాలూ ఒక్కచోట కలిసిన వస్తువు ఇవాళ మన వీధుల్లో లక్షలకొద్దీ తిరుగుతున్నది. అదే బండి నెంబరు ప్లేటు.

సాహిత్య పత్రికలో నెంబరు ప్లేట్ల గోల ఏమిటని మిత్రులు అడగవచ్చు. లారీల వెనక రాతలను జానపద సాహిత్యం కింద లెక్కవేసి వ్యాసాలు రాస్తున్నాం. ఆ లారీకే ముందూ వెనకా ప్రభుత్వం రాయించిన రాత ఉంది. దాన్ని మాత్రం చదవం. ప్రజల రాత సాహిత్యమూ, పాలకుల రాత వట్టి నెంబరూ అయిపోయిందన్నమాట. పాలకుల రాతనే ఎక్కువ జాగ్రత్తగా చదవవలసిన అవసరం ఉందని నా అభిప్రాయం.

ఈ ఆలోచన నాకై నాకు పుట్టింది కాదు. రాష్ట్రం విడిపోక ముందు నల్గొండ జిల్లాలో ఎనిమిదో తరగతికి వర్ణమాల క్రమం చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, "సార్, మన జిల్లా బండ్లకు 24 ఎందుకుంటది?" అని అడిగాడు. పాఠానికి సంబంధం లేని ప్రశ్న అనుకొని కూర్చోమన్నాను. ఆ సాయంత్రం జిల్లాల పేర్లు కాగితం మీద వరసగా రాసుకొని చూస్తే, ఆ ప్రశ్నకు నేను చెబుతున్న పాఠంతోనే సంబంధమున్నదని తెలిసింది.

ఇక్కడ కొంచెం వెనక్కు పోవాలి. బ్రిటిషిండియాలో మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. 1939 చట్టం వచ్చాక ఏ ప్రాంతపు బండికి ఏ అక్షరాలుండాలో పట్టిక తయారైంది. మద్రాసు బండ్ల నెంబర్లు 'ఎం' అక్షరంతో మొదలయ్యేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులో భాగమే. రాష్ట్రం విడిపోయినా మన సినిమా చాలాకాలం మద్రాసులోనే ఉండిపోయింది. అందువల్ల పాత తెలుగు సినిమాల్లో కథ గోదావరి ఒడ్డున జరుగుతున్నా జమీందారు దిగే కారుకు తరచు మద్రాసు నెంబరే కనబడుతుంది. మన విమర్శకులు ఆ సినిమాల్లో భాషను పట్టించుకున్నారు, పాత్రలను పట్టించుకున్నారు, కారు నెంబరును వదిలేశారు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత మన బండ్లకు 'ఏ'తో మొదలయ్యే మూడక్షరాలు, వాటి పక్కన నాలుగంకెల లోపు సంఖ్య. మూడక్షరాల్లో జిల్లా ఏదో తెలిసేది ఆఫీసువాళ్లకూ, లారీ డ్రైవర్లకూ, బ్రేకు ఇన్‌స్పెక్టర్లకూ మాత్రమే. 1988లో చేసిన కొత్త చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చింది. దాంతో దేశమంతటా ఒకే పద్ధతి ఏర్పడింది. మొదట రాష్ట్రానికి రెండక్షరాలు, తర్వాత ఆఫీసు సంఖ్య, ఆపైన బండి సంఖ్య. మనకు ఏ.పి. వచ్చింది. ఇరవైమూడు జిల్లాలకు సంఖ్యలు పంచారు. ఆదిలాబాదు 1, అనంతపురం 2, చిత్తూరు 3, కడప 4, తూర్పు గోదావరి 5, గుంటూరు 7. హైదరాబాదుకు 9 మొదలు 14 దాకా. కరీంనగర్ 15, కృష్ణా 16, ఖమ్మం 20, కర్నూలు 21, మహబూబ్‌నగర్ 22, మెదక్ 23, మా నల్గొండ 24. చివర వరంగల్ 36, పశ్చిమ గోదావరి 37. పెద్ద జిల్లాల కోసం మధ్యలో కొన్ని సంఖ్యలు వదిలారు.

ఈ వరస దేనిది? జనాభాది కాదు, భూగోళానిది కాదు. ఒకటి రెండు చోట్ల అటూ ఇటూ అయినా, ఇది ఇంగ్లీషు అక్షరక్రమం. తూర్పు గోదావరి అయిదోది కావడానికి కారణం తూర్పును ఇంగ్లీషులో 'ఈస్ట్' అనడం. పశ్చిమ గోదావరి అన్నిటికన్నా చివర పడడానికి కారణం 'వెస్ట్'. ఒక్క నదికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ అయిన జిల్లాల మధ్య ముప్ఫైరెండు సంఖ్యల దూరం! కడప నాలుగోది అయింది ఇంగ్లీషువాడు దాన్ని 'సి'తో రాశాడు గనుక. 2005లో ప్రభుత్వం ఆ స్పెల్లింగు మార్చి 'కె' పెట్టింది. సంఖ్య మాత్రం కదలలేదు. తొలి తెలుగు శాసనం దొరికిన జిల్లా, దొరలు పలికిన పేరును బట్టి వరసలో నిలబడింది.

ఆ సాయంత్రం కాగితం మీద నేను తెలుగు వరస వేసి చూశాను. అనంతపురం మొదటిది, ఆదిలాబాదు రెండోది. తర్వాత కడప, కరీంనగర్, కర్నూలు, కృష్ణా వరసగా నాలుగూ పక్కపక్కన కూర్చుంటాయి, రాయలసీమా తెలంగాణా కోస్తా తేడా లేకుండా. తూర్పు గోదావరి పదోది, పశ్చిమ గోదావరి పద్నాలుగోది. నల్గొండ పదకొండు. అందరికన్నా చివర, ఇరవైమూడో స్థానంలో, రాజధాని హైదరాబాదు. మర్నాడు క్లాసులో ఈ పట్టిక బోర్డు మీద రాస్తే పిల్లలు గొల్లున నవ్వారు. రాజధాని ఆఖరి బెంచీలో కూర్చోవడం వాళ్లకు బాగా నచ్చింది.

1966లోనే తెలుగును అధికార భాషగా చేస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. కాని నెంబరు ప్లేటు కేంద్రం చేతిలో ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50వది అక్షరాలు ఇంగ్లీషులో, అంకెలు అరబిక్ అంకెల్లో ఉండాలంటుంది. 51వది కొలతలు చెబుతుంది. కారుకు అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10. మోటారు సైకిలు వెనక అక్షరం 35. దేశంలో ఏ మూల పోలీసైనా చదవగలగాలంటే ఒకే లిపి కావాలన్న వాదనలో బలముంది, కాదనను. తమిళనాడు లారీ ఆదిలాబాదు అడవిలో ఎవరినైనా గుద్ది పోతే దాని నెంబరు చదవలేని సాక్షి ఎందుకు పనికొస్తాడు? లిపిని గురించి నాకు పేచీ లేదు. జిల్లాల వరసకు మాత్రం ఆ వాదన వర్తించదు. వరస కట్టింది మన రాష్ట్రంలో, మన ఆఫీసుల్లో, మనవాళ్లే. వాళ్లకు అక్షరక్రమం అంటే ఇంగ్లీషు క్రమం తప్ప ఇంకొకటి ఉండగలదన్న ఊహే వచ్చి ఉండదు. వలసపాలన మనసులో మిగిలిపోవడం అని మనం వ్యాసాల్లో రాసే మాటకు ఇంతకన్నా చిన్న ఉదాహరణ, ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

వలసపాలనే కాదు, భూస్వామ్యం కూడా ఆ రేకుమీద ఒక అక్షరం వదిలిపోయింది. మన ఆర్టీసీ బస్సుల నెంబర్లలో 'జెడ్' అక్షరం అందరూ చూసిందే. నిజాం రాజ్యంలో 1932లో రైల్వే శాఖ కిందనే ఇరవైయేడు బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. బస్సులు ప్రభుత్వపరం అయ్యేటప్పుడు ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరం వాటి నెంబరులో ఉండాలని కోరాడని చెప్పుకుంటారు. కథ అయినా కావచ్చు. 1948లో నిజాం రాజ్యం పోయింది, 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది, తెలంగాణ కూడా వచ్చింది. 'జెడ్' ఎక్కడికీ పోలేదు. మా అమ్మ ముప్ఫైయేళ్లు ఆ బస్సుల్లోనే కూలికి పోయి వచ్చింది. ఆమె పేరులో మొదటి అక్షరం దేనిమీదా లేదు.

అక్షరాల సంగతి అలా ఉంచితే రంగుల్లో వర్గస్వభావం ఇంకా సూటిగా కనిపిస్తుంది. సొంత బండికి తెల్లరేకు మీద నల్ల అక్షరాలు. కిరాయి బండికి పసుపురేకు. తెల్లరేకు కారులో తోలేవాడు యజమాని కావచ్చు, కాకపోవచ్చు. పసుపురేకు బండి మాత్రం ఎవరో ఒకరి శ్రమ అమ్ముడుపోతున్నదని దూరం నుంచే చెబుతుంది. ఈ రంగులు పాతవి కావు. వెనకటి రోజుల్లో సొంత బండికి నల్లరేకు మీద తెల్ల అక్షరాలుండేవి, కిరాయి బండికి తెల్లరేకు. 2001లో నిబంధన మారి అంతా తారుమారయింది.

ఆ మార్పు నాకు గుర్తుండడానికి కారణం మా మేనమామ. ఆయన మా పట్నంలో బస్టాండు పక్కన రేకు డబ్బా వేసుకొని నెంబరు ప్లేట్లు రాసేవాడు. చదువు అయిదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు బొమ్మలే తప్ప శబ్దాలు కావు. సుద్దముక్కతో రెండు గీతలు కొట్టి, వేళ్లతో ఎడం కొలిచి, ఎనామిల్ పెయింటులో కుంచె ముంచి ఒక్క ఊపున లాగేవాడు. తప్పు పోతే కిరోసిన్ గుడ్డ. 35 మిల్లీమీటర్ల లెక్క ఆయనకు తెలియదు, కాని ఆయన రాసిన రేకును బ్రేకు ఇన్‌స్పెక్టరు తిప్పి పంపిన సందర్భం లేదు. నల్లరేకులన్నీ తెల్లగా మారవలసిన ఆ రోజుల్లో డబ్బా ముందు బండ్లు బారులు తీరేవి. ఆ ఏడే ఆయన కూతురి పెళ్లి చేశాడు. తర్వాత రేడియం స్టిక్కర్లు వచ్చి పని సగమైంది.

2009 డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వెలువడి, రెండు వారాలకే వెనక్కు పోయింది. ఆ తర్వాతి రోజుల్లో మామ డబ్బాకు మళ్లీ పని వచ్చింది. జనం వచ్చి ఏ.పి. తుడిచి టి.జి. రాయమనేవారు. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. ఏ గెజిట్‌లోనూ లేని రెండక్షరాలు కొన్ని నెలల్లో ఊళ్లకు ఊళ్లు పాకాయి. మామ ఒక్కో రేకుకు ఇరవై రూపాయలు తీసుకునేవాడు. ఉద్యమానికి కూడా డబ్బులు తీసుకుంటావా అంటే, "పెయింటు డబ్బావోడు ఉద్యమం చేస్తలేడు గదా అల్లుడా" అన్నాడు.

అప్పుడొకరోజు నేను తెలుగు పంతులు బుద్ధి పోనిచ్చుకోక, టి.జి. అని ఎందుకు, 'తె' అని మన అక్షరమే రాయరాదా అని అడిగాను. మామ కుంచె ఆపకుండానే జవాబు చెప్పాడు: "తె అని రాస్తే బోర్డయితది గని నెంబరెట్లయితది? సర్కారు రాసినట్టే ఉండాలె. సర్కారు మనదైనట్టుండాలె."

ఈ మాట మీద నేను చాలాసార్లు ఆలోచించాను. ధిక్కారం కూడా ధిక్కరించేవాడి లిపిలో కాక పాలకుడి లిపిలోనే జరిగిందని, అందుచేత అది అసంపూర్ణమని ఒక పద్ధతి విమర్శ చెబుతుంది. నేనూ ఒక సభలో అలాగే మాట్లాడాను. ఇప్పుడు అలా మాట్లాడను. గోడమీద నినాదం రాసినవాడు ప్రభుత్వాన్ని అడుగుతున్నాడు. రేకుమీద టి.జి. రాసినవాడు అడగడం మానేసి, వచ్చేసినట్టే ప్రవర్తిస్తున్నాడు. అందుకు శాసనపు రూపమే కావాలి. మన విమర్శలో రూపమూ సారమూ అని విడదీసి, సారం పక్షాన నిలబడడం అలవాటైపోయింది. ఆ రేకులో రూపాన్ని తీసేస్తే మిగిలే సారమేమిటో నాకు అర్థం కాలేదు.

మామ తన టి.వి.ఎస్. బండికి కూడా టి.జి. రాసుకున్నాడు. బజారులో ఆపి రెండు వందలు జుర్మానా వేశారు, రసీదు ఇచ్చారు. నా స్కూటరు సంగతి కూడా చెప్పాలి. నేను ప్రభుత్వోద్యోగిని. సాయంత్రాలు ధూంధాం సభల్లో మాట్లాడేవాణ్ణి, పొద్దున ఏ.పి. 24 బండిమీద బడికి పోయేవాణ్ణి. మామ ఒకటి రెండుసార్లు నా బండివైపు చూసి ఊరుకున్నాడు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అక్షరాలు మాత్రం టి.ఎస్. అని వచ్చాయి. ఎస్ అంటే స్టేట్. దేశంలో ఏ రాష్ట్రమూ తాను రాష్ట్రాన్నని నెంబరు ప్లేటు మీద చెప్పుకోలేదు, మనం చెప్పుకున్నాం. అధికారంలోకి వచ్చిన పార్టీ పేరుకు దగ్గరగా ఉండాలనే అలా పెట్టారన్న విమర్శ వచ్చింది. ఉద్దేశం ఏదైనా, జనం ముందే రాసిపెట్టిన పాఠాన్ని పక్కనపెట్టి సర్కారు తన పాఠం రాసింది. పాఠాంతరాల గురించి పుటలకొద్దీ చర్చించే మనం ఈ పాఠాంతరం గురించి ఒక్క వాక్యం రాయలేదు.

అయితే ఒక మంచి పని కూడా అప్పుడే జరిగింది. జిల్లాల వరసలోంచి ఇంగ్లీషు అక్షరక్రమం పోయింది. ఆదిలాబాదు 1, కరీంనగర్ 2, వరంగల్ 3, ఖమ్మం 4, నల్గొండ 5, మహబూబ్‌నగర్ 6, రంగారెడ్డి 7, 8, హైదరాబాదు 9 నుంచి, మెదక్ 15, నిజామాబాదు 16. పటం ముందు పెట్టుకొని వేలితో ఈ వరస గీసి చూడండి. ఉత్తరాన బయలుదేరి తూర్పు మీదుగా దక్షిణానికి దిగి, నడుమ రాజధానిని పలకరించి, పడమటిగా మళ్లీ ఉత్తరానికి చేరుతుంది. సరిగ్గా ప్రదక్షిణ. ఎవరు వేశారో గాని, ఆ గుమాస్తాకు నేల తెలుసు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడితే వాటికి 17 నుంచి సంఖ్యలిచ్చారు. కుమురం భీం పేరున్న ఆసిఫాబాదుకు 20 వచ్చింది.

అటు ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకోవైపు నడిచింది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సంఖ్య, 39, తెచ్చారు. కొత్త బండి శ్రీకాకుళానిదో చిత్తూరుదో రేకు చూసి చెప్పలేం. దూరప్రయాణంలో మన జిల్లా నెంబరు ఎదురుపడితే హారను కొట్టి పలకరించుకునే అలవాటు లారీవాళ్లకు ఉండేది. 2022లో అక్కడ జిల్లాలు ఇరవైయారయ్యాయి, ఆ కొత్త జిల్లాల్లో దేనికీ రేకుమీద సొంత గుర్తు లేదు. 2021లో కేంద్రం రాష్ట్రం పేరే లేని బి.హెచ్. వరస తెచ్చింది. బదిలీల ఉద్యోగులకు సౌకర్యమే. 'భారత్' అన్న దేశీయ పదం కూడా రెండు రోమను అక్షరాలుగానే రేకెక్కింది.

మరోపక్క అంకెల వ్యాపారం. నాలుగు తొమ్మిదులున్న నెంబరుకు 2024లో హైదరాబాదులో పాతిక లక్షలకు పైగా పాడారు. తొమ్మిదులు నాలుగు కూడితే ముప్ఫైయారు, అది మళ్లీ తొమ్మిది, అదృష్టమట. అక్షరం అడిగినవాడికి జుర్మానా పడ్డ ఊళ్లలోనే అంకె అడిగినవాడికి వేలం పెట్టి మరీ ఇస్తున్నారు. ఖజానాకు ఆదాయం వస్తున్నదని అంటారు, వస్తున్నది నిజమే.

2019 ఏప్రిల్ 1 తర్వాత కొత్త బండికి హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అల్యూమినియం రేకుమీద యంత్రం అక్షరాలను ఉబ్బెత్తుగా అచ్చొత్తుతుంది. పక్కన అశోకచక్రం హోలోగ్రాము, నీలిరంగులో ఐ.ఎన్.డి., లేజరుతో చెక్కిన ఒక వరస సంఖ్య, ఒకసారి బిగిస్తే విరగ్గొట్టందే రాని తాళం. దొంగబండ్లను పట్టడానికి ఇవన్నీ అవసరమే. రాతిమీద చెక్కిన శాసనం మళ్లీ వచ్చినట్టే, కుంచెకూ గుడ్డకూ లొంగదు. మామ డబ్బా అప్పటితో మూతపడింది. ఇప్పుడు టైరు పంక్చరు షాపు దగ్గర కూర్చుంటాడు. ట్రాక్టరు ట్రాలీల మీద పిల్లల పేర్లు రాయమంటే రాస్తాడు.

2024 మార్చి 12న కేంద్రం టి.ఎస్. స్థానంలో టి.జి. అని నోటిఫికేషను ఇచ్చింది. ఆ వారంలోనే కొత్త అక్షరాలతో బండ్లు రోడ్డెక్కాయి. పాత టి.ఎస్. బండ్లు, అంతకుముందటి ఏ.పి. బండ్లు అలాగే తిరుగుతున్నాయి. నా స్కూటరు ఇప్పటికీ ఏ.పి. 24. మూడు కాలాల రాతలు ఒక్క కూడలిలో ఎర్రదీపం దగ్గర పక్కపక్కన ఆగడం నేను రోజూ చూస్తున్నాను. అక్షరం మారితే అన్నం వస్తుందా అని ఎగతాళి చేసినవాళ్లున్నారు. రాదు. ఆ అక్షరాలు చేత్తో రాసి అన్నం తిన్నవాడికి ఆ పని కూడా లేదు. కాని పద్నాలుగేళ్ల కింద బస్టాండు పక్కన రేకు డబ్బాలో రాసిన పాఠమే చివరికి గెజిట్‌కు ఎక్కిందన్న సంగతిని తక్కువ చేసి చూడడానికి నాకు మనసొప్పదు.

ఆ నెలలోనే మామ దగ్గరికి పోయాను. అప్పటికే ఎవరిదో కొత్త మోటారు సైకిలు చూశాడట. జి అక్షరం యంత్రం సన్నగా కొట్టిందని, లోపలి గీత ఇంకొంచెం కిందికి దిగాలని అన్నాడు. తర్వాత జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, మడతలు పడి అక్షరాలు చెరిగిపోతున్న ఆ జుర్మానా రసీదు నా చేతిలో పెట్టాడు.

"నువ్వు సర్కారు నౌకరివి గదా అల్లుడా," అన్నాడు, "గీ రెండు వందలు వాపసిస్తరేమో అడుగుతవా?"